గరిటెకో ఊరు... ఆ ఊరికో పేరు

నాన్‌స్టిక్ పెనం కొన్న ఇల్లాలు వెంటనే వెతుక్కునేది చెక్క గరిటె కోసం. స్టీలు గరిటెతో తిప్పితే పూత లేచిపోతుంది మరి! అలాంటి గరిటెలూ చెంచాలూ ఫోర్కులూ తరతరాలుగా చేతులతోనే చెక్కుతున్న ఊరు నెల్లూరు జిల్లా పడమటి కొసన ఉంది. అదే ఉదయగిరి.

సీతారామపురం, ఉదయగిరి, ఆత్మకూరు... అంతా మెట్ట ప్రాంతం. వాన కురిస్తేనే పంట. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఉదయగిరి కొండమీదే ఉంది. తర్వాతి కాలంలో ఈ సీమ ముస్లిం పాలకుల ఏలుబడిలోకి వెళ్లింది. చెంచాల పిడుల మీద కనిపించే పారశీక తరహా లతలూ పువ్వులూ ఆ నాటి ఛాయలే అంటారు. ఇప్పటికీ ఈ పనిలో ముస్లిం కుటుంబాల మహిళలదే పెద్ద చేయి.

కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్ర ఎలాగో ఉదయగిరి చెంచాకు నర్ది, బిక్కి, కల్ది, పాలబరికె, దేవదారి అలాగ. అన్నీ చుట్టుపక్కల కొండల్లో దొరికే చెట్లే. కర్రను ముక్కలు కోసి, ఉలితో గుంట తవ్వి, ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దుతారు. అసలు కష్టమంతా పిడి దగ్గరే. సన్నటి జాలీ చెక్కేటప్పుడు ఉలి ఒక్కసారి జారితే అప్పటిదాకా పడ్డ శ్రమ పొయ్యిలోకే!

2015-16లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు దక్కింది. వేరే ఊళ్లో చేసిన సరుకును ఉదయగిరి పేరుతో అమ్మకూడదన్నమాట. పదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. అయితే ఆ గుర్తింపు కాపాడేది పేరునే. అడవిలో కర్ర తగ్గితే అది చెట్టును మొలిపించదు. యంత్రం మీద తయారైన చెంచా ధరకే చేతి చెంచానూ బేరమాడితే, తల్లి దగ్గర పని నేర్చుకోవడానికి కూతురు ఎందుకు కూర్చుంటుంది?

అందుకే ఈసారి చెక్క గరిటె కొనేటప్పుడు పిడి మీది పనితనం ఒకసారి చూడండి. కొన్నాక నీళ్లలో నానబెట్టకండి. కడిగిన వెంటనే తుడిచి, నీడన ఆరబెట్టి, అప్పుడప్పుడూ నాలుగు చుక్కల నూనె రాయండి. చాలాకాలం మన్నుతుంది.