సగం ఆట ముగిసింది – జట్టు సత్తా ఎంత?

రెండు మార్కుల పట్టికలు మీ ముందు పెడుతున్నాను. ఏది మంచి జట్టుదో చెప్పండి. మొదటి పట్టికలో 81 ఆటలకు 50 గెలుపులు, 31 ఓటములు. రెండో పట్టికలో 50 ఆటలకు 19 గెలుపులు, 31 ఓటములు.

"ఇంకా అడగాలా? మొదటిదే!" అంటారు మీరు. అయితే ఏడాది చివర ఏం జరిగిందో వినండి. మొదటి పట్టిక తెచ్చుకున్న జట్టు తన విభాగంలోని అయిదు జట్లలో ఆఖరున నిలిచింది. రెండో పట్టిక తెచ్చుకున్న జట్టు ఆ ఏడాది విజేత అయింది. మరో తమాషా ఏమిటంటే రెండు పట్టికలూ ఒకే జట్టువి. అమెరికా రాజధానికి చెందిన వాషింగ్టన్ నేషనల్స్ అనే బేస్‌బాల్ జట్టు అది. మొదటిది 2005 నాటి పట్టిక. రెండోది 2019 నాటిది.

మరి నడిమధ్యన నిలబడి చూసేవారు మోసపోకుండా ఉండాలంటే ఏం చూడాలి? దీనికి లెక్కల శాస్త్రం మంచి జవాబే చెబుతుంది. ముందు ఆట సంగతి కాస్త తెలుసుకుందాం.

ఆట ఎలా ఉంటుంది?

బేస్‌బాల్ మైదానంలో నాలుగు మూలల చతురస్రం ఒకటి గీసి ఉంటుంది. ఒక్కో మూల ఒక బేస్. పిచర్ అనే ఆటగాడు బంతి విసురుతాడు. బ్యాటర్ గుండ్రటి కర్రతో దాన్ని కొట్టి పరుగెత్తుతాడు. మూలలన్నీ చుట్టి బయలుదేరిన చోటికి చేరితే ఒక పరుగు. ముగ్గురు ఔటయితే ఆ జట్టు వంతు ముగుస్తుంది. ఇలా ఒక్కో జట్టుకు తొమ్మిది వంతులు. వీటినే ఇన్నింగ్స్ అంటారు. క్రికెట్‌లోలాగా వందల పరుగులు ఇక్కడ రావు. ఆటకు నాలుగైదు పరుగులు వస్తే మామూలే. కాబట్టి ఒక్క పరుగు తేడాతో గెలుపోటములు తారుమారవుతుంటాయి.

మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. ఒక్కో జట్టు ఇంచుమించు ఆరు నెలల్లో 162 ఆటలు ఆడుతుంది. అంటే దాదాపు రోజూ ఆటే! అందులో సగం 81. జట్టు జాబితాలో 2019లో 25 మంది ఉండేవారు. ఆ తరువాత ఆ సంఖ్య 26కు పెరిగింది.

సగం ఆటలయ్యాక యాజమాన్యానికి ఒక గడువు ముంచుకొస్తుంది. జట్లు ఆటగాళ్ళను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడానికి ఆఖరి రోజు అది. 2019లో అది జులై 31. గెలిచే అవకాశం ఉందనుకుంటే, ఎదుగుతున్న కుర్రాళ్ళను ఇచ్చి అనుభవం ఉన్నవారిని తెచ్చుకోవాలి. లేదనుకుంటే ఉన్న మంచి ఆటగాళ్ళను ఇచ్చేసి రేపటి కోసం కుర్రాళ్ళను తెచ్చుకోవాలి. లెక్క తప్పితే జట్టు కొన్నేళ్ళు నష్టపోతుంది. ఒక్కోసారి ఏ తప్పూ లేని ఆటగాడు ఊరు విడిచి పోవలసి వస్తుంది. అందుకే ఈ మధ్యంతర పరీక్ష అంత కీలకమైనది.

నాణెం చెప్పే సంగతి

మీ దగ్గర ఒక నాణెం ఉంది. బొమ్మ పడితే గెలుపు, బొరుసు పడితే ఓటమి అనుకోండి. 81 సార్లు ఎగరేస్తే ఎన్ని బొమ్మలు పడాలి? సగటున 40 లేదా 41. కానీ ప్రతిసారీ కచ్చితంగా అన్నే పడవు. ఎంత అటూ ఇటూ కావచ్చో తెలుసుకోవడానికి ఒక సులువైన సూత్రం ఉంది. ఎగరేసిన సంఖ్యకు వర్గమూలం తీసి, దాన్ని సగం చేయండి. 81కి వర్గమూలం 9, అందులో సగం నాలుగున్నర. అంటే 36 నుంచి 45 లోపు ఎన్ని బొమ్మలు పడ్డా ఆశ్చర్యపోనక్కర లేదు. పదిసార్లలో ఇంచుమించు ఏడుసార్లు అలాగే పడతాయి.

50గానీ అంతకన్నా ఎక్కువగానీ పడే అవకాశం నూటికి రెండు మూడు మాత్రమే. చాలా తక్కువ కదా! కానీ లీగ్‌లో ఉన్నది ఒక్క జట్టు కాదు, 30 జట్లు. 30 మంది ఉన్న తరగతిలో అందరూ తలా 81 సార్లు నాణెం ఎగరేస్తే, ఎవరో ఒకరికైనా 50 బొమ్మలు పడడానికి సగానికి సగం అవకాశం ఉంది. అలా పడిన విద్యార్థిని "నాణెం ఎగరేయడంలో ఘనుడు" అని మెచ్చుకుంటామా?

19 గెలుపుల సంగతీ అంతే. 50 సార్లు ఎగరేస్తే 19 లేదా అంతకన్నా తక్కువ బొమ్మలు నూటికి ఆరుసార్లు పడతాయి. 30 మందిలో ఒకరిద్దరికి ఆ గతి పట్టక తప్పదు.

అయితే ఒక మాట. జట్లు నాణేలు కావు. వాటికి బలాబలాలున్నాయి. అదృష్టం ఒక్కటే ఇంత తేడా తేగలదని మాత్రమే నాణెం చెబుతుంది, తెచ్చిందని చెప్పదు. అది తేల్చడానికి ఇంకో సాక్ష్యం కావాలి.

పరుగులు చెప్పే నిజం

ఆ సాక్ష్యాన్ని వెతికి పెట్టిన మనిషి పేరు బిల్ జేమ్స్. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం వాడు. ఆహారాన్ని డబ్బాల్లో నింపే కర్మాగారంలో రాత్రి కాపలా కాస్తూ, ఆ తీరిక వేళల్లో బేస్‌బాల్ లెక్కలు కట్టేవాడు. 1977 నుంచి తన లెక్కలను పుస్తకాలుగా వేశాడు. తరువాత రోజుల్లో పెద్ద జట్టు ఒకటి ఆయన్ను పిలిచి సలహాదారుగా పెట్టుకుంది.

ఆయన ఏమన్నాడంటే, గెలుపుల కన్నా పరుగులను చూడండి అన్నాడు. పది పరుగుల తేడాతో గెలిచినా, ఒక్క పరుగు తేడాతో గెలిచినా పట్టికలో ఒక్క గెలుపే. ఆ తేడాను పట్టిక దాచేస్తుంది, పరుగులు దాచవు. ఆయన సూత్రం ఇది:

గెలుపుల భాగం = చేసిన పరుగుల వర్గం ÷ (చేసిన పరుగుల వర్గం + ఇచ్చిన పరుగుల వర్గం)

ఈ వర్గాల కూడిక చూస్తే మీకు లంబకోణ త్రిభుజం గుర్తుకు వచ్చిందా? అందుకే దీన్ని పైథాగరస్ సూత్రమని ముద్దుగా పిలుస్తారు. త్రిభుజానికీ దీనికీ నిజంగా సంబంధమేమీ లేదు.

2005 ఏడాది మొత్తం లెక్క వేసి చూద్దాం. నేషనల్స్ చేసిన పరుగులు 639, ఇచ్చినవి 673. 639 వర్గం 4,08,321. 673 వర్గం 4,52,929. రెండూ కలిపితే 8,61,250. భాగిస్తే వచ్చేది 0.474. దాన్ని 162తో గుణించండి. 77 గెలుపులు! నిజంగా వచ్చినవి 81. తేడా నాలుగే.

ఇప్పుడు ఆ ఏడాది నడిమధ్యకు వెళదాం. 50 గెలుపులతో జట్టు విభాగంలో అగ్రస్థానంలో ఉంది. 33 ఏళ్ళ తరువాత రాజధానికి జట్టు వచ్చిన మొదటి సంవత్సరం అది. ఊరంతా సంబరం. కానీ అప్పటికి చేసిన పరుగులూ ఇచ్చిన పరుగులూ దాదాపు సమానం. సూత్రం ప్రకారం 40, 41 గెలుపులే రావాలి. మిగతావి దగ్గరి ఆటల్లో కలిసివచ్చిన గెలుపులు. రెండో సగంలో పట్టిక సరిగ్గా తలకిందులై 31 గెలుపులు, 50 ఓటములు అయింది.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేస్తాడు. "అదృష్టం పోతే 40 గెలుపులు రావాలి. 31కి ఎందుకు పడిపోయింది?" మంచి ప్రశ్న. మొదట ఎక్కువ బొమ్మలు పడ్డాయని నాణెం తరువాత తక్కువ వేయదు. దానికి జ్ఞాపకం లేదు. అదృష్టం తొలగితే జట్టు తన అసలు మట్టానికి వస్తుందే తప్ప అంతకన్నా కిందికి పోనక్కర లేదు. నేషనల్స్ కిందికి పోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ జట్టు బ్యాటింగ్ బలహీనం. ఆ ఏడాది మొత్తంలో 30 జట్లలోకీ తక్కువ పరుగులు చేసింది అదే. మొదటి సగంలో గెలుపులు ఆ లోపాన్ని కప్పిపెట్టాయి. దగ్గరి ఆటలు కలిసిరానప్పుడు అది బయటపడింది.

లోపం ఎక్కడ?

జట్టు ఎలా ఉందో తెలిస్తే చాలదు. ఏ భాగం ఎలా ఉందో తెలియాలి. లెక్కల్లో 90, సైన్సులో 30 వచ్చిన వాడికీ, రెండింటిలోనూ 60 వచ్చిన వాడికీ సగటు ఒకటే. కానీ ఇద్దరికీ ఒకే సలహా ఇస్తామా?

బేస్‌బాల్ జట్టును మూడు భాగాలుగా చూడవచ్చు. బ్యాటర్లు ఒక భాగం. ఆట మొదలుపెట్టే పిచర్లు రెండో భాగం. మొదటివారు అలసిపోతే వచ్చే సహాయ పిచర్లు మూడో భాగం. పిచర్లను కొలిచే కొలబద్ద ఒకటుంది. ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి తీసేసి, పిచర్ ఇచ్చిన పరుగులను 9తో గుణించి, వేసిన ఇన్నింగ్స్‌తో భాగించాలి. ఎంత తక్కువైతే అంత మేలు.

2019 నేషనల్స్‌లో ఆట మొదలుపెట్టే పిచర్లు ముగ్గురు గట్టివారు. ఏడాది చివరకు మాక్స్ షెర్జర్ సగటు 2.92, పాట్రిక్ కార్బిన్‌ది 3.25, స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ది 3.32. బ్యాటింగ్‌లో ఆంథొనీ రెండన్, ఇరవై ఏళ్ళ హువాన్ సోటో చెరో 34 హోమ్ రన్‌లు కొట్టారు. మరి సహాయ పిచర్లందరి సగటు? 5.66! జట్టుకు చిల్లు ఎక్కడుందో ఈ అంకెలు వేలుపెట్టి చూపిస్తున్నాయి.

గాయం వేరు, చేతకానితనం వేరు

19 గెలుపులు, 31 ఓటములు అన్న రోజున, అంటే మే నెల 23న, కోచ్ డేవ్ మార్టినెజ్‌ను తీసేయాలన్న మాట పత్రికల్లో వినిపించింది. యాజమాన్యం తీసేయలేదు. జాబితాను జాగ్రత్తగా చదివితే కారణం తెలుస్తుంది. చురుకైన ఆటగాడు ట్రే టర్నర్‌కు ఏప్రిల్ 2న వేలు విరిగింది. మే నెల 17 దాకా అతడు ఆడనే లేదు. రెండన్, సోటో కూడా గాయాలతో కొన్ని ఆటలకు దూరమయ్యారు. బడికి రాని విద్యార్థికి సున్నా వేసి తరగతి సగటు కట్టినట్టుంది ఆ పట్టిక! అందరూ తిరిగి వచ్చాక ఏమైందో చూడండి. తరువాతి 39 ఆటల్లో 28 గెలుపులు. జులై మధ్య విరామానికి 47 గెలుపులు, 42 ఓటములు.

ఒక్కో ఆటగాణ్ణి అంచనా వేయడంలోనూ ఇలాంటి జాగ్రత్త కావాలి. పదిసార్లకు మూడుసార్లు బంతిని సరిగా కొట్టగల బ్యాటర్ మంచి బ్యాటర్ కింద లెక్క. సగం కాలంలో అతడికి 300 అవకాశాలు వచ్చాయనుకోండి. 90సార్లు కొట్టాలి. కానీ అదృష్టం వల్లనే అది 82 కావచ్చు, 98 కావచ్చు. 82 కొట్టినవాణ్ణి పనికిరాడని పంపేసి, 98 కొట్టినవాణ్ణి నెత్తిన పెట్టుకుంటే, ఇద్దరూ ఒకే సత్తా ఉన్నవాళ్ళే అయి ఉండవచ్చు!

జులై 31న నేషనల్స్ ఏం చేసింది? జట్టును తలకిందులు చేయలేదు. చిల్లు ఉన్న చోటే మాటు వేసింది. ముగ్గురు సహాయ పిచర్లను తెచ్చుకుంది. వారిలో డానియల్ హడ్సన్ 25 ఇన్నింగ్స్‌లో నాలుగే పరుగులు ఇచ్చాడు. నాలుగును 9తో గుణించి 25తో భాగించండి. 1.44 వస్తుంది. 25 ఇన్నింగ్స్ చాలా తక్కువ లెక్క అని మీరు అభ్యంతరం చెబితే, ఇంతవరకూ చదివింది మీకు బాగా వంటబట్టినట్టే!

ఏడాది మొత్తంలో జట్టు చేసిన పరుగులు 873, ఇచ్చినవి 724. సూత్రం ప్రకారం 96 గెలుపులు. నిజంగా వచ్చినవి 93. ఆ తరువాతి నాకౌట్ పోటీల్లో కూడా సహాయ పిచర్ల లోపం పూర్తిగా పోలేదు. అందుకే షెర్జర్, స్ట్రాస్‌బర్గ్, కార్బిన్‌లను కూడా అవసరమైనప్పుడు ఆట మధ్యలో దింపారు. లోపం ఎక్కడుందో తెలిసినవాడు దాన్ని పూర్తిగా పోగొట్టలేకపోయినా చుట్టుదారి వెతుక్కోగలడు. అక్టోబరు 30న హ్యూస్టన్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో నేషనల్స్ 6–2తో గెలిచింది. ఆఖరి ఔట్ తీసింది హడ్సనే. 1924 తరువాత వాషింగ్టన్ నగరానికి అదే మొదటి విజయం.

మీరే చేసి చూడండి

మీ తరగతిలో అందరూ తలా 81 సార్లు నాణెం ఎగరేయండి. అందరికన్నా ఎక్కువ బొమ్మలు పడిన వారి చేత మరో 81 సార్లు ఎగరేయించండి. ఈసారి ఎన్ని పడ్డాయో రాసుకోండి.

తరువాత మీకు నచ్చిన ఏదైనా ఆటలో జట్లు చేసిన, ఇచ్చిన పాయింట్లు పత్రికల నుంచి సేకరించి సూత్రంలో వేయండి. అది సరిపోకపోవచ్చు. వర్గం, అంటే 2వ ఘాతం, బేస్‌బాల్‌కు కుదిరింది. బాస్కెట్‌బాల్‌కు 14వ ఘాతం దగ్గరలో కుదురుతుందని తేలింది. మన కబడ్డీకి ఏ ఘాతం కుదురుతుంది? కాగితం, పెన్సిలు తీసుకుని మీరే కనిపెట్టండి.

ఈసారి అర్ధ సంవత్సర పరీక్ష మార్కులు వచ్చినప్పుడు మొత్తం చూసి పొంగిపోకండి, కుంగిపోకండి. ఏ పాఠంలో పోయాయో, జ్వరం వచ్చి పోయాయో, తెలియక పోయాయో విడివిడిగా రాసుకోండి. మిగిలిన సగంలో ఏం చేయాలో ఆ కాగితమే చెబుతుంది.