పాత ట్రాక్టరుకు డీజిలు ఫిల్టరు మార్చు విధానము



మిరప కోతలు ముగిసినవి. కాయ ఎండినది. టిక్కీలు కట్టి ట్రాలీకి ఎత్తినారు. మాచర్ల నుండి గుంటూరు యార్డుకు నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. పది కిలోమీటర్లు పోవుసరికి ట్రాక్టరు లాగుట తగ్గినది. ఇంకొక పది పోవుసరికి ఆగిపోయినది. కొంతసేపు నిలిపిన మరల కదలును, మరల ఆగును. ఆనాటి ధర ఆనాటికే గదా! మెకానిక్కు వచ్చి చూచి, "పంపు పోయినది, విప్పవలెను" అన్నచో ఆ పైరులో మిగిలినది కొంత పంపు ఖర్చునకే పోవును.

ఇటువంటి సందర్భములలో తప్పు చాలసార్లు ఒక చిన్న వస్తువుది. అది డీజిలు ఫిల్టరు. దాని వెల కొద్ది వందల రూపాయలు. అది కాపాడు పంపు బాగుచేయించుటకు వేలు కావలెను. పాత బండి గల ప్రతి రైతు ఈ ఫిల్టరును వేళకు, శుభ్రముగా, తన చేతితో మార్చుకొనుట నేర్చుకొనవలెను. అది ఎట్లో ఇందు వివరించుచున్నాము.

ఫిల్టరు చేయు పని

ట్యాంకు నుండి డీజిలును ఫీడు పంపు లాగి ఫిల్టరులోనికి తోయును. ఫిల్టరు దాటిన డీజిలు ఇంజెక్షను పంపునకు, అచటి నుండి సన్నని ఉక్కు గొట్టముల ద్వారా ఇంజెక్టరులకు చేరును. ఇంజెక్షను పంపునే మన పల్లెలలో చాలమంది "మైకో పంపు" అందురు. ఆ పేరుతో పంపులు చేసిన కంపెనీ 1951లో బెంగుళూరులో ఏర్పడినది. 2008లో దాని పేరు బాష్‌గా మారినను, పల్లెలలో పాత పేరే నిలిచినది.

ఈ పంపులో ఒక గొట్టము, అందులో ఆడు ఒక ఉక్కు కడ్డీ ఉండును. ఆ రెండింటి నడుమ సందు సుమారు రెండు మూడు మైక్రానులు మాత్రమే. మిల్లీమీటరును వేయి భాగములు చేసిన ఒక భాగము మైక్రాను. మన తల వెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. కంటికి ఆనని దుమ్ము రేణువు సహితము ఆ సందులో చేరి ఉక్కును గీయగలదని దీనివలన తెలియుచున్నది. గీతపడిన పంపులో ఒత్తిడి నిలువదు. ఇంజెక్టరు తెరచుకొనుటకు చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోల ఒత్తిడి కావలెను. ట్రాక్టరు వెనుక టైరులో ఉండునది ఇంచుమించు ఒక కిలో మాత్రమే. ఈ భేదమును బట్టి ఆ పంపు ఎంత సున్నితమైనదో ఊహించుకొనవచ్చును.

దుమ్ముతో పాటు నీరు కూడ పంపునకు శత్రువే. డీజిలు నూనె వలె జారుడు గలది గనుక పంపు భాగములు అరగకుండ కాపాడును. నీటికి ఆ గుణము లేదు. పైగా తుప్పు పట్టించును.

పల్నాడులో ఎక్కువ జాగ్రత్త ఏల?

2022 ఏప్రిల్‌లో నరసరావుపేట ముఖ్య పట్టణముగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో వేసవి ఎండ తీవ్రమని వేరుగా చెప్పనక్కరలేదు. రెంటచింతల ఎండ రాష్ట్రమంతట పేరుపడినది. ఎండిన రేగడి నేలలో రోటవేటరు త్రిప్పునపుడు లేచు దుమ్ము, పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల ధూళి, మాచర్ల వైపు నాపరాతి గనుల పొడి అన్నియు ట్యాంకు మూత సందులలో చేరును.

రెండవ కారణము, డీజిలును డ్రమ్ములలో, డబ్బాలలో తెచ్చి పొలమువద్ద పోసికొను అలవాటు. బంకు చాల దూరమున ఉండుటచే ఇది తప్పదు. కాని మూత తీసిన ప్రతిసారి దుమ్ము పడును. సగము ఖాళీగా ఉన్న ట్యాంకులో, రాత్రి చల్లబడినపుడు, గాలిలోని తేమ నీటిబొట్లై అడుగున చేరును. ఆ నీరు చాలకాలము నిలిచినచో నీటికి, డీజిలుకు నడుమ సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు తయారగును. పాత ట్యాంకులలో తుప్పు పొరలు కూడ ఉండును. కనుక పాత బండి ఫిల్టరు, కొత్త బండి ఫిల్టరు కంటె త్వరగా నిండును.

ఎప్పుడు మార్చవలెను?

మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములోని గంటల లెక్కయే ప్రమాణము. సాధారణముగా అది 250 నుండి 500 గంటల మధ్య ఉండును. దుమ్ములో పనిచేయు బండికి తక్కువ లెక్కనే పట్టుకొనుడు. పాత ట్రాక్టర్లలో గంటల మీటరు పనిచేయకపోవుట కద్దు. అట్టివారు డీజిలు లెక్క వ్రాసికొనవచ్చును. మీ బండి గంటకు నాలుగు లీటర్లు త్రాగునదైనచో, వేయి లీటర్లు వాడిన 250 గంటలు నడచినట్లు. ఏ లెక్కయు వ్రాయనివారు తొలకరి దుక్కులకు ముందొకసారి, సంక్రాంతి తరువాత మిరప రవాణాకు ముందొకసారి మార్చుట మంచిది.

పెక్కు పాత ట్రాక్టర్లలో రెండు ఫిల్టర్లు ఒకదాని ప్రక్కన ఒకటి ఉండును. మొదటిది ముతక మురికిని, రెండవది సన్నని మురికిని పట్టును. మొదటిది త్వరగా నిండును గనుక దానిని రెండుసార్లు మార్చినపుడు రెండవదానిని ఒకసారి మార్చుట వాడుక. ఇందులోను పుస్తకము చెప్పినదే చేయుడు.

ఫిల్టరు నిండిన గుర్తులు ఇవి: ఉట్టిగా బాగుగా నడచి, బరువు పడగానే బలము తగ్గుట, ఇంజను ఎగసి పడుట, ఆగి, కొంతసేపటికి మరల నడచుట, ఉదయమున స్టార్టు కష్టమగుట.

అయితే ఈ గుర్తులు కనబడగానే ఫిల్టరు కొనవలదు. ముందు ట్యాంకు మూత వదులు చేసి నడిపి చూడుడు. మూతలోని గాలి రంధ్రము దుమ్ముతో పూడినను బండి ఇట్లే ఆగును. ట్యాంకు కాకు పూర్తిగా తెరచియున్నదా, ఫీడు పంపు వద్దనున్న జల్లెడ శుభ్రముగా ఉన్నదా, గొట్టముల కీళ్లు గట్టిగా ఉన్నవా చూడుడు. నల్లని పొగ విపరీతముగా వచ్చుచున్నచో ముందుగా గాలి ఫిల్టరును పరీక్షింపవలెను.

కొనునపుడు

పాత ఎలిమెంటును వెంట తీసికొనిపోయి పొడవు, లావు, రంధ్రము సరిచూచి కొనుడు. రబ్బరు రింగులు, రాగి వాషర్లు కూడ కొత్తవి తీసికొనుడు. పెట్టె చినగనిది, నంబరు స్పష్టముగా ఉన్నది ఎంచి, రసీదు అడిగి పుచ్చుకొనుడు. నకిలీ ఎలిమెంటులో కాగితము పలుచగానుండి త్వరగా చినుగును. అట్టిది ఉండియు లేనట్లే.

మార్చు పద్ధతి

1. ఇంజను చల్లారనిండు. చదునైన చోట, గాలి విసరని చోట బండి నిలిపి, బ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుక రాళ్లు పెట్టుడు. దగ్గర బీడీ, చుట్ట వెలిగింపరాదు.

2. విప్పుటకు ముందే ఫిల్టరు పైభాగమును, చుట్టుప్రక్కలను కుంచెతో, శుభ్రమైన డీజిలుతో కడిగి తుడువుడు. అన్నిటికంటె ముఖ్యమైన పని ఇదే. పైనున్న మట్టి లోపల పడినచో కొత్త ఫిల్టరు వేసి ప్రయోజనము లేదు.

3. ట్యాంకు కాకు కట్టి, ఫిల్టరు అడుగు బోల్టు వదులు చేసి ఆ డీజిలును తెల్లని గాజుసీసాలో పట్టుడు. పావుగంట కదల్చక ఉంచుడు. అడుగున నీరు వేరుపడినచో ట్యాంకు అడుగు కూడ వంపి శుభ్రము చేయవలెను.

4. ఒక చేతితో గిన్నెను పట్టుకొని, రెండవ చేతితో పైనున్న నడిమి బోల్టును విప్పుడు. స్ప్రింగు, వాషర్లు, రింగులు ఏ వరుసలో వచ్చినవో ఆ వరుసలోనే శుభ్రమైన పళ్లెములో పేర్చుడు.

5. గిన్నెను డీజిలుతో కడుగుడు. నూలు వేస్టుతో తుడువరాదు. దాని పీచు లోపల చిక్కుకొనును.

6. కొత్త రింగులకు డీజిలు చుక్క రాచి గాడిలో సరిగా కూర్చుండబెట్టుడు. పాత రింగు పైన అంటుకొని లేదని చూచుకొనుడు. రెండు రింగులు ఒకదానిపై ఒకటి పడినచో తప్పక కారును.

7. కొత్త ఎలిమెంటు పెట్టి బిగింపుడు. బలము కొద్దీ బిగించినచో మరలు చెడును. గిన్నెలో ముందుగా డీజిలు పోసి పెట్టరాదు. అది వడకట్టని డీజిలు. చేతిపంపుతోనే నిండవలెను.

రెండు ఫిల్టర్లు మార్చవలసియున్నచో ఒకటి పూర్తిగా బిగించిన పిదపనే రెండవది విప్పుడు.

గాలి తీయుట

ఫిల్టరు విప్పినపుడు లోపలికి గాలి చేరును. గాలి నొక్కిన అణగును గనుక పంపులో ఒత్తిడి పుట్టదు, ఇంజను స్టార్టు కాదు. ట్యాంకు కాకు తెరచి, మొదటి ఫిల్టరుపై నున్న గాలి స్క్రూ వదులు చేసి, ఫీడు పంపు మీది చేతిపంపు కొట్టుడు. మొదట బుడగలతో నురుగు వచ్చును. బుడగలు ఆగి, డీజిలు ధారగా వచ్చుచుండగనే స్క్రూ బిగింపుడు. తరువాత రెండవ ఫిల్టరు, ఆ పిదప ఇంజెక్షను పంపు మీది స్క్రూ వద్ద ఇట్లే చేయుడు. వరుస తప్పరాదు.

ఇప్పుడు స్టార్టు చేయుడు. పది సెకండ్లకు మించి సెల్ఫు త్రిప్పక, నడుమ విరామమిచ్చుచు ప్రయత్నింపుడు. బండి నడచిన పిదప పది నిమిషములు ఉంచి కారుట ఉన్నదేమో చూడుడు. అపుడు ఇంజెక్టరు గొట్టముల దరికి చేయి పోనీయకుడు. సన్నని చీలిక నుండి చిమ్ము డీజిలు చర్మమును చీల్చి లోపలికి పోగలదు. గాయము సూదిమొనంత కనబడినను వేలు పోవు ప్రమాదమున్నది. అట్లు జరిగినచో నొప్పి లేదని ఊరకుండక, వెంటనే ఆసుపత్రికి పోయి డీజిలు చర్మములోనికి పోయినదని డాక్టరుకు చెప్పవలెను. కారుట చూచుటకు ఒక అట్టముక్కను వాడుడు.

మార్చిన తేదీని, గంటలను మడ్‌గార్డు లోపలి వైపున రంగుతో వ్రాసియుంచుడు.

చేయరాని పనులు

కాగితపు ఎలిమెంటును పెట్రోలుతో కడిగి మరల వాడరాదు. కడిగినపుడు కాగితము చిరిగి, మురికికి దారి ఇచ్చును. ఫిల్టరు దొరకలేదని లోపల ఎలిమెంటు లేకుండ బండి నడుపరాదు. ఒక్కరోజు నడకతోనే పంపు చెడవచ్చును. మిరపకు, ప్రత్తికి కొట్టిన పురుగుమందు డబ్బాలను డీజిలుకు వాడరాదు. పాత డీజిలును కాలువలోగాని, చేలోగాని పారబోయరాదు.

ఈ పద్ధతి పాత తరహా పంపులు గల బండ్లకే చెల్లును. కామన్ రైల్ పద్ధతి గల కొత్త ఇంజనులలో ఒత్తిడి వేయి కిలోలు మించును. వాటిని కంపెనీ మెకానిక్కుకే అప్పగించుడు.

డీజిలు నిలువ

డ్రమ్మును నీడలో, మూతివైపు ఎత్తుగా, కొంచెము వాలుగా ఉంచుడు. తెచ్చిన డీజిలును ఒకరోజు కదల్చక తేరనిచ్చి, అడుగున నాలుగు వ్రేళ్ల ఎత్తు వదలి పైది మాత్రమే తీయుడు. జల్లెడ గల గరాటు వాడుడు. సాయంత్రము పని ముగియగానే ట్యాంకు నింపిన, రాత్రి తేమ చేరుటకు లోపల చోటుండదు.

పాత కారు గలవారికి

చాల కిలోమీటర్లు తిరిగిన డీజిలు కారుకు, జీపుకు కూడ ఇదే సూత్రము. పెట్రోలు కారు సంగతి వేరు. 2023 ఫిబ్రవరి నుండి 20 శాతము ఇథనాల్ కలిసిన పెట్రోలు విడతలుగా బంకులకు వచ్చినది. ఇథనాల్ నీటిని పీల్చుకొనును. పాత ట్యాంకులో అంటుకొన్న మురికిని కూడ కదల్పగలదు. అందుచే పాత కారులో ఫిల్టరు త్వరగా నిండవచ్చును. కాని ఇంజెక్షను గల పెట్రోలు కారులో, ఇంజను ఆపినను గొట్టములో ఒత్తిడి నిలిచియుండును. విప్పగానే పెట్రోలు చిమ్మి నిప్పంటుకొనవచ్చును. ఆ పని తెలిసిన మెకానిక్కుచే చేయించుటే క్షేమము. అతడు ఫిల్టరుపై నున్న బాణపు గుర్తును ఇంజను వైపు పెట్టినాడో లేదో మీరు చూచుకొనిన చాలును.

ఎద్దుకు గిట్టలో ముల్లు గుచ్చుకొన్నచో నాగలి కట్టక ముందే తీయుదుము. ట్రాక్టరుకును అట్లే చేయవలెను. ఈ తొలకరికి దుక్కి మొదలుపెట్టక ముందే ఒక గంట తీరిక చేసికొని ఫిల్టరు విప్పి చూడుడు. పని మధ్యలో ఆగని ట్రాక్టరే రైతుకు లాభము.