షియాన్‌లో తొలి వారం: పరాయి నగరంలో హలాల్ అన్నం, నమాజు

బిడ్డ చైనాకు ప్రయాణమైతే ఇంటి పెద్దలను రెండు ప్రశ్నలు వేధిస్తాయి: అక్కడ ఏం తింటాడు? నమాజు ఎక్కడ చేస్తాడు? తెలుగు ప్రాంతాల నుండి వైద్యవిద్య కోసం ఆ దేశం వెళ్ళే యువతీ యువకులు ఉన్నారు గనుక ఈ చింత మన ఇళ్ళకు కొత్త కాదు. అల్లాహ్‌పై భరోసా ఉంచడమంటే జాగ్రత్తలు మానుకోవడం కాదు. ప్రాచీన నగరమైన షియాన్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ జాగ్రత్తలేమిటో చూద్దాం.

మొదటిది ఇంటికి కబురు. అక్కడి ఇంటర్నెట్‌లో వాట్సాప్ పనిచేయదు. అక్కడివారంతా వాడే వీచాట్‌పై మన దేశంలో 2020 నుండి నిషేధం ఉంది. ఈ సంగతి తెలియకపోతే ఇక్కడ తల్లికి నిద్ర ఉండదు. కనుక చేరగానే మామూలు ఫోన్ ఏ నంబరుకు, ఏ వేళకు చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. హోటలులో కాక వేరే చోట బసచేసే విదేశీయులు 24 గంటల్లోగా పోలీసుల వద్ద తమ నివాసం నమోదు చేయించుకోవాలి.

రెండవది భోజనం. చైనా భాషలో 'రౌ' అంటే మాంసం. వంటకం పేరులో ఏ జంతువో చెప్పకుండా ఊరికే 'రౌ' అని ఉంటే అది సాధారణంగా పందిమాంసమే. కూరగాయలను సైతం పందికొవ్వుతో వేయించే అలవాటు ఉంది. అందువల్ల శాకాహారమైతే చాలునని నిశ్చింతగా ఉండటానికి వీలులేదు. హలాల్‌ను అక్కడ 'ఛింగ్‌జెన్' అంటారు. అది రెండే అక్షరాలు. మొదటి అక్షరానికి ఎడమ పక్కన మూడు నీటిబొట్ల వంటి గీతలుంటాయి. రెండవదాని నడుమ నిచ్చెన వంటి గడి, అడుగున రెండు కాళ్ళు ఉంటాయి. అరబీ అక్షరాల కోసం వెతికితే లాభం ఉండకపోవచ్చు. 2019లో బీజింగ్‌లో హలాల్ దుకాణాల బోర్డుల నుండి వాటిని అధికారులు తీయించివేశారు.

షియాన్‌లో నగారా గోపురం వెనుకనున్న ముస్లిం పేటలో ఈ కొరత తీరుతుంది. అక్కడి ప్రసిద్ధ వంటకం 'పావ్‌మో'. గట్టి రొట్టెను తినేవారే చిన్న చిన్న ముక్కలుగా తుంచి ఇస్తారు. వంటవాడు దానిని మాంసపు రసంలో ఉడికించి తెస్తాడు.

మూడవది నమాజు. ఆ పేటలోనే పెద్ద మస్జిద్ ఉంది. క్రీ.శ. 742లో స్థాపితమైందని ప్రతీతి. నేటి కట్టడాలలో ఎక్కువ భాగం మింగ్ వంశకాలం నాటివి. చూపులకు చైనా మందిరంలాగే ఉన్నా ఆవరణలన్నీ పడమటికి సాగి ఖిబ్లా వైపు తిరిగి ఉంటాయి. లోపలి చెక్కపలకలపై ఖుర్ఆన్ చెక్కబడి ఉంది. దేశమంతటికీ బీజింగ్ కాలమే గనుక అక్కడ సూర్యుడు నడినెత్తిన ఉండేసరికి గడియారం ఇంచుమించు పన్నెండు ముప్పావు చూపుతుంది. జుహర్ వేళను మన లెక్కతో అంచనా వేయరాదు.

అక్కడి హుయీ ముస్లిములు ఇమామును 'ఆహోంగ్' అంటారు. నమాజుకు, రోజాకు మనలాగే ఫారసీ నుండి వచ్చిన పేర్లే వారి నోటా వినిపిస్తాయి, ఉచ్చారణ మాత్రం వేరు. భాష రాని కుర్రవాడికి సలాంతో పాటు ఈ రెండు మాటలు కూడా పరిచయానికి దారి చూపుతాయి.

ఒక హెచ్చరిక. విదేశీయులు మతప్రచారం చేయడం అక్కడ నిషిద్ధం. సామూహిక ఆరాధనకు అనుమతి పొందిన స్థలాలే ఉన్నాయి. ఉత్సాహం కొద్దీ హాస్టల్ గదిలో జమాఅత్ ఏర్పాటు చేస్తే చదువుకే ముప్పు రావచ్చు. విడిగా నమాజు గదిలో, జుమా మస్జిద్‌లో అన్న నియమం పాటిస్తే ధర్మమూ నిలుస్తుంది, చదువూ సాగుతుంది.

పెట్టె సర్దేటప్పుడు పచ్చళ్ళ సీసాలతో పాటు 'ఛింగ్‌జెన్' అక్షరాలు రాసిన కాగితం ఒకటి తప్పక పెట్టండి. సీసాలు ఖాళీ అయ్యాక కూడా ఆ కాగితం పనికివస్తుంది.