పాండవ నాటకములలో నేది మేలు?

తిరుపతి వేంకట కవుల నాటకములలో నేది మేలైనది, ఏది కొఱవడినది యను చర్చ మా గవర్నరుపేట యిండ్లలో నేటికిని సమసిపోలేదు. సోదరీమణులారా! ఈ విషయమున మాకు దోచినది మీ ముందుంచుచున్నాము.

దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును (1870–1950) పాండవకథను జననము, ప్రవాసము, రాజసూయము, ఉద్యోగము, విజయము, అశ్వమేధము అని ఆఱు నాటకములుగా రచించిరి. వీనిలో ఉద్యోగ విజయములే రంగస్థలమును జయించినవి. తక్కినవి అంతగా ప్రదర్శనమునకు రాలేదు.

ఇందుకు హేతువు కథలోనే కలదు. జననమునందును ప్రవాసమునందును ఎన్నో యేండ్ల వృత్తాంతమును గ్రుచ్చవలసి వచ్చెను. ఉద్యోగమునం దన్ననో, సంధియా సమరమా యను నొక్క ప్రశ్నయే కథనెల్ల నడపును. ఒకరి పద్యమునకు వేఱొకరి పద్యము బదులు. అశ్వమేధము నాటికి రాజ్యము చేతికి వచ్చినది, సందేహము తీఱినది. కావున ఉద్యోగమునకు మొదటి పీటయు, అశ్వమేధమునకు కడపటి పీటయు వేయుచున్నాము.

కథ తిక్కనగారిదే గదా, ఈ కవుల గొప్పయేమని కొంద ఱందురు. తిక్కనగారి పద్యమును తీరికగా మఱల మఱల చదువుకొనవచ్చును. నాటకపద్యము కడపటి వరుసలోని వానికిని ఒక్కమాఱు వినగనే బోధపడవలెను. రాయబార ఘట్టమున ఆ పని నెఱవేఱినది. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ చలనచిత్రమునను ఆ పద్యములు వినబడినవి.

గొప్పతనము గాయకులదే యను వాదమును త్రోసివేయరాదు. కవులు ఛందస్సు నిచ్చిరి. రాగము నటులును హార్మోనియము వాయించువారును కూర్చినది. బందా కనకలింగేశ్వరరావు, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు గారలు శ్రీకృష్ణ పాత్రమున ఆ పద్యములకు ప్రాణము పోసిరి. అయినను దోషమును ఇక్కడనే పుట్టినది. ఉత్పలమాలలో పదియవ యక్షరము యతిస్థానము, శార్దూలమున పదుమూడవది. పదము విఱుగకుండ, అన్వయము చెడకుండ ఊపిరి తీసికొన్న గాయకుని పద్యము తెలియును. మాట నడుమ ఆగి, తుది యక్షరముపై గడియల తరబడి రాగము సాగదీసినచో చప్పట్లు మ్రోగును గాని యర్థము జాఱిపోవును.

ఈ నష్టము మన కెక్కువగా తగులును. తిక్కనగారి యుద్యోగపర్వమున రాయబారమునకు బయలుదేఱు కృష్ణునికి ద్రౌపది తన కొప్పును జూపి మొఱపెట్టుకొనును. ఆ మొఱ వినిన పిమ్మట గాని సభలోని మాటలకు బరువు రాదు. కాని రాగములకే రాత్రి గడచి, ప్రొద్దుపోయెనను నెపమున స్త్రీపాత్రల పద్యములు కోయబడుట మేము చూచియున్నాము. మన పిల్లలు కపిధ్వజ వర్ణనము నొప్పగింతురు. ఎవరి కన్నీటికై ఆ రథము కదలెనో చెప్పలేరు.

కనుక పిల్లలకు పద్యము నేర్పునపుడు ముందు పదములు విడదీసి యర్థము చెప్పుడు. రాగము తరువాత నేర్పవచ్చును. పేటలో నాటకము పెట్టించునపుడు ద్రౌపది పద్యము లుండవలెనని సమాజమువారితో ముందే మాటాడుకొనుడు. అట్లాడిన రాత్రి ఉద్యోగమే మేలని మే మనుట ఏలనో మీకే తెలియగలదు.