పిడుగును పసిగట్టే రేడియో

వేసవి సాయంకాలం. నెత్తిమీద ఆకాశం ఇంకా నిర్మలంగానే ఉంది. అరుగు మీది ట్రాన్సిస్టర్‌లో వార్తలు వస్తున్నాయి. మధ్యమధ్య ‘చిటపట’మనే శబ్దం మాటలను మింగివేస్తున్నది. ఇంటివారు విసుక్కుని బ్యాటరీలు మారుస్తారు. తప్పు బ్యాటరీలది కాదు. చూపుకు అందని దూరంలో మెరుపులు మెరుస్తున్నాయి. ఆ కబురు ఉరుముకంటే ముందుగా రేడియోకు చేరుతున్నది.

మెరుపులో సుమారు 30,000 ఆంపియర్ల విద్యుత్తు రెప్పపాటుకన్న తక్కువ కాలంలో పెల్లుబుకుతుంది. ఆ విజృంభణలో రేడియో తరంగాలు నలుదిక్కులకూ వ్యాపిస్తాయి. ఉరుము సెకనుకు 340 మీటర్లు నడిస్తే, ఈ తరంగాలు 3,00,000 కిలోమీటర్లు పరుగెత్తుతాయి. మీడియం వేవ్ రేడియో తరంగాల ఎత్తులోని హెచ్చుతగ్గులనే ధ్వనిగా మారుస్తుంది. అందువల్ల మెరుపు తాకిడి కూడా అందులో వినిపిస్తుంది. ఎఫ్.ఎం. పద్ధతి వేరు గనుక అందులో ఈ చిటపటలు దాదాపు వినరావు.

మెరుపును ఇంట్లో కూర్చుని పరిశీలించాలన్న కోరిక పాతదే. 1753 ఆగస్టులో సెంట్ పీటర్స్‌బర్గ్ శాస్త్రజ్ఞుడు రిఖ్‌మన్ ఇంటికప్పు మీద లోహపు కడ్డీ నిలిపి, దాని తీగను గదిలోని పరికరానికి కలిపాడు. మబ్బు పట్టగానే పరికరం దగ్గరికి వెళ్లాడు. కడ్డీ వెంట దిగివచ్చిన విద్యుత్తు ఆయన నుదుటిని తాకింది. ఆయన అక్కడికక్కడే మరణించాడు.

అదే నగరంలో 1895లో అలెగ్జాండర్ పొపోవ్ మెరుపును కాక దాని తరంగాన్ని మాత్రమే పట్టాడు. గాజుగొట్టంలో లోహపు రజను. తరంగం తాకగానే రజను విద్యుత్తుకు దారి ఇస్తుంది, గంట మోగుతుంది. ఆ గంట సుత్తే గొట్టాన్ని తట్టి రజనును మళ్లీ విడదీస్తుంది. ఎంత ముచ్చటైన ఏర్పాటు! ఆ వేసవిలోనే అది అక్కడి అటవీ విద్యాలయ వాతావరణ పరిశీలనశాలలో మెరుపులను నమోదు చేసింది.

నేడు రజను అవసరం లేదు. ఫెర్రైట్ కడ్డీకి చుట్టిన తీగచుట్ట, ఒక కెపాసిటర్, ఒకటి రెండు ట్రాన్సిస్టర్లు, మెరుపు వచ్చినప్పుడల్లా వెలిగే చిన్న ఎల్.ఇ.డి. దీపం ఉంటే చాలు. సుమారు 300 కిలోహెర్ట్జ్ వద్ద శ్రుతి చేస్తే రేడియో కేంద్రాల గొడవ తక్కువ. మెరుపు దూరాన్ని అంచనా కట్టే చిప్‌లు కూడా దొరుకుతున్నాయి. అయితే మిక్సీ, ట్యూబ్‌లైటు, మోటారు కూడా ఈ పరికరాన్ని బులిపిస్తాయి. ఇంకొక జాగ్రత్త: దీనిని బ్యాటరీతోనే నడపాలి, డాబా మీద ఏరియల్ ఎత్తరాదు. ఎత్తితే రిఖ్‌మన్ కడ్డీని తిరిగి నిలబెట్టినట్లే.

పరికరం కొనలేనివారికి పాత ట్రాన్సిస్టరే దిక్కు. కేంద్రమేదీ లేనిచోట ముల్లు నిలిపితే చాలు. చిటపటలు దగ్గరదగ్గరగా, గట్టిగా వస్తున్నాయంటే గాలివాన సమీపిస్తున్నదని అనుమానించాలి. మన దేశంలో పిడుగుపాటుకు ఏటా రెండువేల మందికి పైగా బలి అవుతున్నారు. వారిలో పొలాల్లో పనిచేసేవారే ఎక్కువ. ఉరుము వినగానే అర్జునుని నామాలు తలచుకోవడం మన ఇళ్లలో అలవాటు. కాని ఉరుము చెవిన పడిందంటే పిడుగు పడగల దూరంలోకి మనిషి అప్పటికే వచ్చాడన్నమాట. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే దూరం పది కిలోమీటర్లే. రేడియో చెప్పిన కబురుతోనే చెట్టుకిందికి కాక పక్కా ఇంటికి బయలుదేరాలి. చివరి ఉరుము తరువాత అరగంట గడిచేదాకా పొలంలోకి తిరిగి వెళ్లరాదు.