తిరిగే కర్ర, మెరిసే బొమ్మ

మీ ఇంట్లో చపాతీ కర్ర ఉందా? ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా నున్నగా, గుండ్రంగా ఉంటుంది. పిల్లాడి బొంగరం చూడండి. పాత మంచం కోళ్లు చూడండి. అన్నీ గుండ్రమే. ఎక్కడా వంకర ఉండదు.

కత్తితో చెక్కితే ఇంత గుండ్రంగా వస్తుందా? రావడం కష్టం. మరి ఎలా చేశారు?

కుమ్మరి కుండ చేయడం మీరంతా చూసే ఉంటారు. సారె తిరుగుతుంది. దాని మీద మట్టి తిరుగుతుంది. కుమ్మరి చెయ్యి ఆనిస్తే చాలు, కుండ గుండ్రంగా లేస్తుంది. కర్ర పనీ అలాంటిదే. ఇక్కడ కర్ర తిరుగుతుంది. పనిమనిషి ఉలిని దానికి ఆనిస్తాడు. ఎక్కడ ఉలి ఆనితే అక్కడ చుట్టూతా ఒకే లోతున కర్ర తెగుతుంది.

ఒక్క తేడా ఉంది. కుండ సరిగా రాకపోతే మట్టిని మళ్లీ ముద్ద చేయవచ్చు. కర్ర ఒకసారి తెగితే మళ్లీ అతకదు.

కర్రను తిప్పే మిషను

కర్రను తిప్పే సాధనాన్ని పూర్వం తరిమెన అనేవారు. ఇప్పుడు అందరూ లేత్ మిషన్ అంటున్నారు. ముందు రోజుల్లో తాడు చుట్టి అటూ ఇటూ లాగి తిప్పేవారు. ఒకరు తాడు లాగితే ఇంకొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతోంది. ఒక్కరే పని చేసుకోవచ్చు.

ఈ పనికి పేరున్న ఊరు ఏటికొప్పాక. ఇది అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది. 2022కు ముందు ఈ ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మనం చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు గుర్తున్నాయా? చిన్న చిన్న కుండలు, గిన్నెలు, తిరగలి, రోలు. అలాంటివి ఇక్కడ చేస్తారు. బొంగరాలు, కుంకుమ భరిణెలు, దేవుడి బొమ్మలు కూడా చేస్తారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరే చోట చేసిన బొమ్మను ఆ పేరుతో అమ్మకూడదు.

అన్ని కర్రలూ ఒకటి కావు

వంటకు అన్ని బియ్యాలూ ఒకటేనా? ఇడ్లీకి ఒక రకం, పులిహోరకు ఒక రకం చూసుకుంటాం. కర్ర కూడా అంతే. ఏ పనికి ఏ కర్రో తెలియాలి.

తుమ్మ కర్ర చాలా గట్టిది. నాగలికి, బండి చక్రానికి బాగుంటుంది. చింత మొద్దు దెబ్బకు ఓర్చుకుంటుంది. అందుకే మాంసం కొట్టే మొద్దుకు వాడతారు. టేకుకు చెద తొందరగా పట్టదు. తలుపులకు, కిటికీలకు మంచిది. కాని ఖరీదు ఎక్కువ.

కొండపల్లి బొమ్మలకు పొణికి కర్ర వాడతారు. అది చాలా తేలిక, మెత్తన. దాన్ని మిషను మీద తిప్పరు. చేత్తో చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముక్కలను అతుకుతారు.

ఏటికొప్పాకలో వాడేది అంకుడు కర్ర. కొన్ని చోట్ల ఈ చెట్టును తెడ్లపాల అంటారు. ఆకు తుంపితే పాలు కారతాయి. ఈ కర్ర తెల్లగా ఉంటుంది. మరీ గట్టిది కాదు, మరీ మెత్తన కాదు. పీచు లేకుండా సన్నగా, నున్నగా తెగుతుంది. తెల్లగా ఉండడం వల్ల వేసిన రంగు వేసినట్టే కనబడుతుంది. అందుకే ఈ పనికి అంకుడే కావాలంటారు. కర్ణాటకలోని చెన్నపట్నం బొమ్మలకూ పాత రోజుల నుంచి ఈ కర్రే వాడుతున్నారు.

పచ్చి కర్ర పనికిరాదు

చెట్టు నుంచి కొట్టిన కర్రలో నీరు ఉంటుంది. నీరు ఆరేకొద్దీ కర్ర కుంచించుకుపోతుంది. పచ్చి కర్రతో భరిణె చేస్తే ఏమవుతుంది? కొన్నాళ్లకు మూత బిగుసుకుపోతుంది. లేదా పగులు వస్తుంది. అందుకే కర్రను నెలల తరబడి ఆరబెడతారు. తొందరపడితే పని పాడవుతుంది.

ఆరిన కర్రను ముక్కలుగా కోస్తారు. ఒక ముక్కను మిషనుకు గట్టిగా బిగిస్తారు. ముందు పెద్ద ఉలితో గుండ్రం చేస్తారు. తర్వాత చిన్న ఉలితో నడుము, మెడ, అంచు తీస్తారు. చివరికి గరుకు కాగితం పెట్టి నున్నన చేస్తారు.

ఈ పని మగవాళ్లే కాదు, ఆడవాళ్లూ చేస్తున్నారు. ఒక్క జాగ్రత్త మరువకూడదు. తిరిగే మిషను దగ్గర పైట కొంగు బిగించి దోపుకోవాలి. జుట్టు ముడి వేసుకోవాలి. చేతి గాజులు తీసి పక్కన పెట్టాలి. కొంగు చుట్టుకుంటే మిషను ఆగదు, మనిషిని లాగేస్తుంది. పొట్టు కంట్లో పడకుండా అద్దాలు పెట్టుకోవాలి.

లక్క ఎలా అంటుకుంటుంది?

లక్క ఒక చిన్న పురుగు నుంచి వస్తుంది. ఆ పురుగులు మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద బతుకుతాయి. వాటి ఒంటి నుంచి వచ్చే జిగురే లక్క. దాన్ని వేడి చేసి, రంగు కలిపి, కడ్డీలుగా చేస్తారు.

బొమ్మకు రంగు వేయడానికి కుంచె అక్కరలేదు. మీ రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకోండి. వేడి పుట్టిందా? ఇక్కడ కూడా అదే జరుగుతుంది. తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీని ఒత్తి పెడతారు. ఆ రాపిడికి వేడి పుడుతుంది. ఆ వేడికి లక్క కరిగి బొమ్మ చుట్టూ పరుచుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దుతారు. బొమ్మ అద్దంలా మెరుస్తుంది.

రంగులో ఏముంది?

పూర్వం రంగులు చెట్ల నుంచే తీసేవారు. పసుపు కొమ్ము నుంచి పసుపు రంగు, నీలి మొక్క నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ రంగు వస్తాయి. నీలం, పసుపు కలిపితే ఆకుపచ్చ వస్తుంది. తర్వాత రసాయన రంగులు వచ్చాయి. అవి చవక. పనీ తొందరగా అవుతుంది. చాలామంది వాటికే మళ్లారు.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. బొమ్మ ఇస్తే పసిపిల్ల ముందు ఏం చేస్తుంది? నోట్లో పెట్టుకుంటుంది. కొన్ని రసాయన రంగుల్లో సీసం ఉంటుంది. సీసం ఒంట్లోకి పోతే పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. చదువులో వెనకబడతారు. సీసం ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పే కొలత ఏదీ లేదు.

ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు చెట్ల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఆయనకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

మరి మనం కొనేటప్పుడు ఏం చూడాలి? తడి గుడ్డతో బొమ్మను రుద్దండి. రంగు ఊడితే ఆ బొమ్మ వద్దు. ఊడకపోయినంత మాత్రాన సీసం లేదని కాదు. అందుకే అమ్మేవాళ్లను అడగండి. "ఇది ఏ రంగు? చెట్ల రంగా, రసాయనమా?" అడగడానికి మొహమాటం వద్దు. 2021 జనవరి 1 నుంచి ఆట బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. చేతివృత్తుల వాళ్లుగా పేరు నమోదైనవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. వాళ్ల బొమ్మ మీద గుర్తు ఉండకపోవచ్చు. కాబట్టి అడిగి తెలుసుకోవడమే మార్గం. గొంతులో ఇరుక్కునేంత చిన్న ముక్కలుంటే పసివాళ్లకు ఇవ్వకండి.

చెట్టు ఉంటేనే బొమ్మ

అంకుడు కర్ర ఒకప్పుడు దగ్గరి కొండల్లోనే దొరికేది. కొట్టడమే తప్ప నాటడం తక్కువైంది. ఇప్పుడు కర్ర దొరకడం కష్టమైంది. కర్ర లేకపోతే ఉలికి పని లేదు. ఉలికి పని లేకపోతే పొయ్యి మీదికి ఎసరు లేదు.

అంకుడు చెట్టుకు ఒక మంచి గుణం ఉంది. మొదలు ఉంచి కొడితే మళ్లీ చిగురిస్తుంది. వేరుతో పెరికితే ఇక రాదు. చెట్టును ఎలా కొట్టాలో తెలిసినవాళ్లకు కొన్నేళ్లకు మళ్లీ కర్ర దొరుకుతుంది. తెలియనివాళ్లకు ఒక్కసారే దొరుకుతుంది.

మాట్లాడుకోండి

మీ ఊళ్లో ఏ పనికి ఏ కర్ర వాడతారు? ఎందుకు?

మీ ఇంట్లో పిల్లల బొమ్మలు తెచ్చి చూడండి. వేటి రంగు ఊడుతోంది?

మీ చిన్నప్పుడు ఉండి, ఇప్పుడు కనబడని చెట్టు ఏది? దాని పేరు పలక మీద రాయండి.