గాజుతొట్టిలో ముళ్లబంతి

సుమారు 2,300 సంవత్సరములకు పూర్వమే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ సముద్రపు అర్చిన్‌ను తరచి చూచి లాంతరుతో పోల్చెను. ఐదు దంతములును, వానిని కదలించు సున్నపు కమ్ములును, కండరములును గల దాని నోటికి జీవశాస్త్రమున నేటికిని ‘అరిస్టాటిల్ లాంతరు’ అనియే పేరు. అర్చిన్ అనగా పూర్వపు ఇంగ్లీషున ముళ్లపంది. ఒడలెల్ల ముళ్లతో బంతివలె నుండు ఈ ప్రాణి, ముళ్ల సందులనుండి వెలువడు సన్నని నాళికాపాదములతో రాతిని పట్టుకొని మెల్లగా జరుగుచు, దారిలోని నాచును గీకి తినును. దంతములు ఎంత అరిగినను మరల పెరుగుచునే యుండును.

ఈ గీకుడు పనికొరకే ఇండ్లలో ఉప్పునీటి ఆక్వేరియములు పెట్టుకొనువారు అర్చిన్‌ను కొని తెత్తురు. దీపపు వెలుగు, చేపల మలము, మిగిలిపోయిన మేత కలిసినచోట నాచు పుట్టక మానదు. గాజును తుడువవచ్చును గాని, రాళ్ల మూలమూలలు తుడుచుట మనుష్యుల వ్రేళ్లకు సాధ్యము కాదు. అర్చిన్ రాత్రివేళ ఆ పని చక్కగా నెరవేర్చును. కొన్ని వారములలో రాళ్లు శుభ్రపడును. యజమాని సంతోషించును. అర్చిన్‌కు కరవు ఆరంభమగునది ఆనాడే.

ఈ సంగతి చాలమందికి తట్టదు. ఆకలిగొన్న చేప నీటిపైకి వచ్చి తిరుగును. అర్చిన్ అట్లు అడుగజాలదు. నాచు అయిపోయిన పిదప రాళ్లపై ఊదారంగు పొరగా పెరుగు సున్నపు శైవలమును గీకును. అదియు తరిగినచో కొన్ని జాతులు పగడపు జీవులను సైతము కొరుకును. అప్పుడు యజమాని దానిని దుష్టజంతువనును! కూలికి పిలిచి కూడు పెట్టక, పెరటిలో కాయ కోసికొన్నాడని కూలివానిని నిందించుట వంటిది ఇది. జపానువారు నోరి అను పేర తినెడి ఎండు సముద్రపు నాచురేకును, ఉప్పు నూనెలు కలపనిదానిని, చిన్న ముక్క రాతికి కట్టి యుంచినచో ఈ తగవు చాలవరకు తీరును.

ఇరుగుపొరుగులను ఎంచుటలోను జాగ్రత్త వలయును. ట్రిగ్గర్ చేప నోటితో నీటిని చిమ్మి అర్చిన్‌ను వెల్లకిల త్రోసి, ముళ్లు తక్కువగా నుండు అడుగువైపున కొరికి తినును. పఫర్ చేపలును అట్టివే. క్లౌన్ చేపలు, గోబీలు సాధువులు. ఇండోనేషియాలోని బంగాయి దీవులకు చెందిన కార్డినల్ చేప డయడెమా జాతి అర్చిన్ యొక్క పొడుగు ముళ్ల నడుమ పిల్లలతో దాగును. తొట్టిలోనికి వచ్చినను ఆ అలవాటు మానదు. మెస్పిలియా అను నీలిచారల చిన్నజాతి గవ్వలను, నాచుముక్కలను, ఒక్కొక్కప్పుడు యజమాని గట్టిగా అతికింపని పగడపు కొమ్మను గూడ నెత్తిన పెట్టుకొని పోవును.

నీటి విషయమున ఈ ప్రాణి మిక్కిలి సుకుమారము. శరీరములోని ఉప్పదనమును తనంత తాను సరిదిద్దుకొను శక్తి దానికి లేదు. కావున లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఎల్లప్పుడు నిలుకడగా నుండవలెను. ఆవిరియైనది నీరే గాని ఉప్పు కాదు. ఆ లోటును శుద్ధిచేసిన మంచినీటితోనే పూరింపవలెను. క్రొత్తగా తెచ్చిన అర్చిన్ ఉన్న పాత్రలో తొట్టినీటిని బొట్టుబొట్టుగా కలిపిన పిదపనే దానిని దింపవలెను. అన్నింటికంటె పెద్ద అపాయము రాగి. చేపలకు తెల్లమచ్చల తెగులు సోకినపుడు వాడు రాగిమందు చేపలను బ్రదికించును, అర్చిన్‌ను చంపును. జబ్బుచేపను వేరు తొట్టికి మార్చి వైద్యము చేయుట ఒక్కటే మార్గము. ముళ్లు రాలుట మొదలిడినచో నీరు చెడినదని అనుమానింపవలసినదే.

తొట్టిలో ఇది చేయు పని సముద్రమున ఎంతటిదో 1983లో కరీబియన్ ప్రాంతమునకు తెలిసివచ్చెను. పనామా తీరమున పొడసూపిన తెగులు ఏడాది కాలములో ఆ సముద్రమెల్ల వ్యాపించి, డయడెమా అర్చిన్‌లలో నూటికి 90కి పైగా హతమార్చెను. జమైకాలో నాచు మేయు చేపలను వేటగాండ్రు అదివరకే తరిగించియుండిరి. అర్చిన్ కూడ పోగా పగడపు దిబ్బలను నాచు కప్పివేసెను. 2022లో మరల తెగులు వచ్చెను. ఒక ఏకకణజీవి అందుకు కారణమని మరుసటి ఏడు శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఫ్లోరిడాలో ఇప్పుడు డయడెమా పిల్లలను తొట్లలో పెంచి దిబ్బలపై విడుచుచున్నారు. అది ఓర్పుతో కూడిన పని. గుడ్డునుండి వెలువడిన కంటికానని పిల్ల వారముల తరబడి నీటిలో తేలియాడిన తరువాత గాని ముళ్లబంతి రూపు దాల్చదు.